మానని పుండు, పాత కాలిన మచ్చ: క్యాన్సర్ అని ఎప్పుడు అనుమానించాలి?

మన ఇళ్లలో పెద్దవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది. "ఇది కొత్తగా వచ్చింది కాదు బేటా, ముప్పై ఏండ్ల సంది ఉన్నదే." కాలి మీద పాత కాలిన మచ్చ గురించో, మడమ దగ్గర వస్తూ పోతూ ఉండే పుండు గురించో అంటారు. ఇన్నేళ్లు ఏమీ కానిది ఇప్పుడేం అవుతుందిలే అని వాళ్ల ధీమా. చాలా విషయాల్లో ఆ ధీమా తప్పు కాదు. కానీ చర్మం మీద మానని పుండు విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. అది ఎన్ని ఏళ్ల పాతదైతే అంత ఎక్కువ కన్నేసి ఉంచాలి.

ఒక మనిషిని ఊహించుకోండి. పదేళ్ల వయసులో పెళ్లి వంటల దగ్గర ఆడుకుంటుంటే దేగ్‌లోని మరిగే నీళ్లు పిక్క మీద పడ్డాయి. అప్పట్లో చర్మం అతికించే ఆపరేషన్ ఎవరు చేయించారు? సిరా పూశారు, ఆకు పసరు పోశారు, నెలల తరబడి కట్లు కట్టారు. చివరికి గాయం మూసుకుంది. మెరిసే పలుచటి చర్మం, ముడతలు పడ్డ మచ్చ మిగిలింది. మోకాలి వెనక పట్టేసినట్టు ఉండేది, అంతే. చదువు, దుకాణం, పెళ్లి, పిల్లలు అన్నీ అయిపోయాయి. నలభై అయిదేళ్లు వచ్చేసరికి మచ్చ మధ్యలో చిన్న పగులు. గోకితే రక్తం. పక్కు కట్టేది, ఊడేది, మళ్లీ కట్టేది. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చి రాసుకున్నాడు. ఏడాది గడిచింది. పుండు అంచులు లేచి గట్టిపడ్డాయి, మధ్యలో గోబీ పువ్వులా కండ పెరిగింది, వాసన మొదలైంది. "దుర్మాంసం పెరిగింది, కాల్చేస్తే పోతుంది" అని ఎవరో చెప్పారు. అసలు దవాఖానకు వచ్చేసరికి గజ్జల్లో బిళ్ళలు కట్టి ఉన్నాయి.

ఈ మనిషి కల్పితమే. కానీ ఈ కథలోని ప్రతి మలుపూ డాక్టర్లు పదే పదే చూసేదే. దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. పాత మచ్చలోనో, ఏళ్ల తరబడి మానని పుండులోనో, లోపల ఎప్పుడూ రగులుతూ ఉండే వాపులోనో పుట్టే చర్మ క్యాన్సర్ ఇది.

మార్జొలిన్ ఫ్రాన్స్ సర్జన్. పూర్తి పేరు జాన్ నికొలా మార్జొలిన్. 1828లో ఒక వైద్య నిఘంటువుకు పుండ్ల గురించి వ్యాసం రాస్తూ, పాత మచ్చల మీద పులిపిరుల్లా లేచే ఒక రకం పుండును వర్ణించాడు. తమాషా ఏంటంటే అది క్యాన్సర్ అని ఆయన గుర్తించలేదు. కాలిన మచ్చలో క్యాన్సర్ పుట్టవచ్చని అదే కాలపు మరో ఫ్రెంచి సర్జన్ డ్యుపుయిట్రెన్ గమనించాడు. చాలా ఏళ్ల తర్వాత, 1903లో, అమెరికా సర్జన్ డా కోస్టా ఈ రెంటినీ కలిపి మార్జొలిన్ పేరే ఖాయం చేశాడు. చూసి వర్ణించినవాడికి పేరు దక్కింది, అసలు సంగతి కనిపెట్టినవాళ్లు పక్కకు పోయారు. వైద్య చరిత్రలో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

కశ్మీర్ కాంగ్డీ చెప్పిన పాఠం

మన దేశంలో ఈ జబ్బుకు సంబంధించి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ కశ్మీర్‌ది. చలికాలంలో శాలువాలు, ఫెరన్‌లు అమ్మడానికి హైదరాబాద్ వచ్చే కశ్మీరీ వ్యాపారులను మీరు చూసే ఉంటారు. వాళ్ల ఊళ్లలో ఆ ఫెరన్ లోపల ఒక చిన్న కుంపటి ఉంటుంది. లోపల మట్టి పాత్ర, చుట్టూ పుల్లలతో అందంగా అల్లిన బుట్ట, పాత్రలో నిప్పులు. అదే కాంగ్డీ. చినార్ ఆకుల బొగ్గు, కట్టెల బొగ్గు వాడతారు. చరార్-ఎ-షరీఫ్ కాంగ్డీలకు అక్కడ మంచి పేరు. డిసెంబర్ 21 తర్వాత వచ్చే నలభై రోజుల గడ్డు చలిని చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో కాంగ్డీ లేనిదే పొద్దు గడవదు. కూర్చున్నప్పుడు తొడల మధ్య, నడుస్తున్నప్పుడు పొట్టకు ఆనించి పట్టుకుంటారు.

ఆ వేడి చర్మాన్ని ఒక్కసారిగా కాల్చదు. బొబ్బలు రావు. కానీ ఏటా కొన్ని నెలలు, ముప్పై నలభై ఏళ్లు అదే చోట తగులుతుంది. ముందు చర్మం మీద ఎర్రటి వలలాంటి గీతలు వస్తాయి, తర్వాత అవి గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతాయి. చర్మం ఎండి, గరుకుగా మారుతుంది. కొందరిలో, చాలా ఏళ్లకు, అక్కడే పుండు లేచి క్యాన్సర్ అవుతుంది. తొడల లోపలి వైపు, పొత్తికడుపు మీద. వేరే ప్రాంతాల్లో ఈ చోట్ల చర్మ క్యాన్సర్ రావడం చాలా అరుదు. బట్టల కింద ఉండే చర్మం అది, ఎండ తగలదు. అందుకే శ్రీనగర్‌లో పనిచేసిన మిషనరీ డాక్టర్ ఎల్మ్‌స్లీకి అనుమానం వచ్చింది. 1866లోనే దీని గురించి రాశాడు. ఆ తర్వాత అదే ఊళ్లో ఎర్నెస్ట్ నీవ్ అనే డాక్టర్ ఏళ్ల తరబడి వందల మంది రోగులకు ఆపరేషన్లు చేసి, ఇది కాంగ్డీ కాల్పుల వల్ల వచ్చే క్యాన్సరేనని వివరంగా రాశాడు.

ఇది కశ్మీర్ ఒక్కచోటే అనుకోకండి. ఐర్లాండ్‌లో పీట్ మంట ముందు గంటల తరబడి కూర్చునే ముసలి ఆడవాళ్లకు కాళ్ల ముందు భాగంలో ఇలాంటిదే కనిపించింది. ఉత్తర చైనాలో కింద నిప్పు పెట్టి వేడి చేసే ఇటుక మంచాల మీద పడుకునేవాళ్లకూ వచ్చింది. జపాన్‌లో ఒంటికి కట్టుకునే వేడి డబ్బాల వల్లా వచ్చింది. దేశం వేరు, అలవాటు వేరు, చర్మం మాత్రం ఒకటే. అదే చోట ఏళ్ల తరబడి దెబ్బ తగిలితే అది ఒకే రకంగా స్పందిస్తుంది.

నాడా బిగించి కట్టే చోట

వేడే కావాలని లేదు. ఒరిపిడి చాలు. బొంబాయి టాటా మెమోరియల్‌లో పనిచేసిన ప్రఖ్యాత పెథాలజిస్ట్ ఖనోల్కర్, సూర్యబాయి అనే సహ పరిశోధకురాలితో కలిసి 1945లో ఒక వ్యాసం ప్రచురించారు. నడుముకు ధోవతి బిగించి కట్టుకునే చోట వచ్చే చర్మ క్యాన్సర్ గురించి అందులో రాశారు. తర్వాత చీర కట్టుకునే ఆడవాళ్లలో కూడా అదే చోట కనిపించింది. డాక్టర్ల భాషలో దానికి చీర క్యాన్సర్ అనే పేరు పడిపోయింది.

ఈ పేరు వినగానే మన ఆడవాళ్లు కంగారు పడతారు, కొందరు నవ్వేస్తారు. అసలు దోషం చీరది కాదు, లోపలి లంగా నాడాది. సన్నటి నాడాను గట్టిగా లాగి, అదే చోట, రోజూ, నలభై యాభై ఏళ్లు కడితే చర్మం ఒరుసుకుపోతుంది. ముందు నల్లటి గీత పడుతుంది. తర్వాత పొలుసులు లేస్తాయి. ఎండాకాలంలో చెమట, దుమ్ము చేరి దురద పెడుతుంది, గోకితే పుండు అవుతుంది. మర్నాడు మళ్లీ అదే పుండు మీద నాడా. పాపం ఆ చర్మానికి మానే టైమ్ ఎక్కడుంది? 2024 నవంబర్‌లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్రలోని వార్ధా, బిహార్ డాక్టర్లు ఇలాంటి ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్ల కేసులు ప్రచురించారు. ఒకరికి నడుము పక్కన పద్ధెనిమిది నెలలుగా మానని పుండు. మరొకరికి రెండేళ్లుగా. రెండూ క్యాన్సర్లే. ఇద్దరిదీ పల్లెటూరు, ఇద్దరూ దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో బట్ట కట్టుకున్నవాళ్లు.

చీర మానేయాలని ఎవరూ చెప్పడం లేదు. దీని భయంతో అమ్మలతో గొడవ పడకండి. చీర కట్టుకునే కోట్ల మందిలో ఇది చాలా తక్కువ మందికి వస్తుంది. లంగాకు సన్నటి నాడా బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోవచ్చు. ముడి రోజూ ఒకే చోట పడకుండా కాస్త పైకో కిందకో మార్చుకోవచ్చు. సల్వార్ నాడాకూ ఇదే వర్తిస్తుంది. నడుము మీద నల్లటి గీత ఉంటే చాలామందికి ఉంటుంది, పర్లేదు. ఆ గీత మీద పుండు లేస్తే మాత్రం నాడా వదులు చేసి, చర్మ డాక్టరుకు చూపించాలి.

ఏళ్ల తరబడి రగిలితే లోపల ఏం జరుగుతుంది?

చర్మం పై పొర అడుగున కొన్ని కణాలు నిరంతరం విభజన చెందుతూ ఉంటాయి. పైన అరిగిపోయినదాన్ని కింద నుంచి భర్తీ చేయడం వాటి పని. గాయం అయిందనుకోండి, అంచుల్లోని కణాలు వేగం పెంచి, పక్కకు పాకుతూ ఆ ఖాళీని కప్పేస్తాయి. కప్పేయగానే ఆగిపోతాయి. ఈ ఆగిపోవడమే అసలు సంగతి. మానని పుండులో ఆ ఆగే ఘడియ రాదు. కప్పాలని చూస్తాయి, మళ్లీ పగులుతుంది, మళ్లీ మొదలు. ఇది ఇరవై, ముప్పై ఏళ్లు.

కణం విభజన చెందిన ప్రతిసారీ తనలోని జన్యువుల పూర్తి పుస్తకాన్ని నకలు రాసుకోవాలి. దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఎంత జాగ్రత్తగా రాసినా తప్పులు దొర్లుతాయి. ఎక్కువసార్లు రాస్తే ఎక్కువ తప్పులు. దీనికి తోడు వాపు. పుండులోకి తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వస్తాయి. అవి వదిలే ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు సూక్ష్మజీవులతో పాటు పక్కనున్న మన సొంత కణాల జన్యువులనూ దెబ్బతీస్తాయి. నాలుగు రోజుల గాయంలో ఇది లెక్కలోకి రాదు. నలభై ఏళ్ల పుండులో వస్తుంది. పైగా గాయాన్ని మాన్చడానికి శరీరం "పెరగండి, పెరగండి" అని సందేశాలు పంపుతూ, కొత్త రక్తనాళాలు వేస్తూ ఉంటుంది. జన్యువు చెడిపోయిన కణానికి కూడా అదే సందేశం అందుతుంది, అదే రక్తం అందుతుంది. 1986లో హెరాల్డ్ డ్వొరాక్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసంలో క్యాన్సర్ గడ్డలను మానని గాయాలతో పోల్చాడు. ఆ పోలిక ఇవాళ్టికీ డాక్టర్లు వాడుతున్నారు.

మచ్చకు ఇంకో లోపం ఉంది. మచ్చ అసలు చర్మం కాదు, అతుకు. అందులో రక్తనాళాలు తక్కువ. లింఫ్ అనే ద్రవాన్ని మోసుకెళ్లే సన్నటి నాళాలు దాదాపు ఉండవు. చెడిపోయిన కణాలను పట్టుకునే రోగనిరోధక కణాలు పహారా తిరిగేది ఈ దారుల్లోనే. దారి లేని బస్తీకి పోలీసు రాడు కదా, అలాగే. మొదట్లో ఈ గోడే క్యాన్సర్‌ను బయటికి పాకకుండా ఆపుతుంది. అందుకే పుండు ఏళ్ల తరబడి నింపాదిగా కనిపిస్తుంది. మచ్చ హద్దు దాటి ఆరోగ్యమైన కండలోకి చేరాక మాత్రం వేగం పెరుగుతుంది. ఎండ వల్ల వచ్చే మామూలు పొలుసు కణ క్యాన్సర్ శరీరంలో వేరే చోటికి పాకేది నూటికి అయిదుగురి లోపే. ఈ పుండ్ల క్యాన్సర్ అంతకంటే చాలా ఎక్కువ మందిలో పాకుతుంది. పాతిక శాతం దాటిన లెక్కలు చాలానే ఉన్నాయి. చూడటానికి ఒకే రకం క్యాన్సర్, గుణం మాత్రం వేరు.

కాలిన గాయానికి, క్యాన్సర్‌కు మధ్య సగటున ముప్పై ఏళ్లకు పైగా గడుస్తాయి. ఏడాదిలోపే వచ్చిన కేసులూ లేకపోలేదు కానీ తక్కువ. చిన్నప్పుడు కాలినవాళ్లకు నడివయసులో, నడివయసులో కాలినవాళ్లకు ఇంకాస్త త్వరగా. కాలిన మచ్చలున్న వాళ్లందరికీ వస్తుందా అంటే, రాదు. నూటికి ఒకరిద్దరికి అని పుస్తకాలు చెబుతాయి. మిగతా 98 మంది మచ్చతోనే హాయిగా బతికేస్తారు. మరి ఎవరిని ఎక్కువ గమనించాలి? గాయం తనంతట తానే నెలల తరబడి మానిన వాళ్లను. అప్పుడే చర్మం అతికించి ఉంటే ఈ ప్రమాదం చాలా తగ్గేది. మోకాలి వెనక, మోచేతి ముందు, మడమ పైన ఉండే మచ్చలు మరీ ముఖ్యం. కీలు వంచిన ప్రతిసారీ మచ్చ లాగి పగులుతుంది. నమాజులో కూర్చునే వాళ్లకు, పొలంలో వంగి నాట్లు వేసే వాళ్లకు మోకాలి వెనక మచ్చ రోజుకు ఎన్నిసార్లు లాగుతుందో లెక్కేసుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన పల్లెల్లో పసిపిల్లలకు కామెర్లని, ఫిట్స్ అని వాతలు పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వాత జబ్బును తగ్గించదు. కాలిన మచ్చను మాత్రం జీవితాంతం ఇస్తుంది.

కాలిన మచ్చలు మాత్రమే కాదు

కాలి నరాలు ఉబ్బి మడమ పైన వచ్చే పుండ్లు ఉంటాయి. ఎక్కువసేపు నిలబడి పని చేసే వాళ్లు, అంటే టైలర్ మాస్టర్లు, హోటల్ వంటవాళ్లు, బార్బర్లు వీటితో ఏళ్లకు ఏళ్లు నెట్టుకొస్తారు. ఎముకకు చీము పట్టి, చర్మంలో రంధ్రం పడి రసి కారే వాళ్లుంటారు. ఎప్పుడో యాక్సిడెంట్‌లో కాలు విరిగి, రాడ్ వేసి, ఆ తర్వాత ఆ రంధ్రం మూసుకోలేదు. రోజూ దూది పెట్టుకుని పనికి పోతుంటారు. ఈ రంధ్రంలోంచి కారే రసి అకస్మాత్తుగా ఎక్కువైనా, రక్తం కలిసినా, వాసన మారినా ఎక్స్‌రే ఒక్కటే చాలదు, లోపలి ముక్క తీసి పరీక్ష చేయాలి. చంకల్లో, గజ్జల్లో, పిరుదుల మీద గడ్డలు లేచి పగిలి, సొరంగాల్లా చీము కారే జబ్బు ఒకటుంది. చాలామంది సిగ్గుతో చెప్పరు. దీన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే, ముఖ్యంగా పిరుదుల దగ్గర, క్యాన్సర్ రావచ్చు.

కుష్ఠు విషయం. నిజాం కాలంలో మొదలైన డిచ్‌పల్లి ఆస్పత్రి పేరు నిజామాబాద్ వైపు వాళ్లకు తెలిసే ఉంటుంది. 1980ల్లో వచ్చిన మందుల కోర్సుతో కుష్ఠు పూర్తిగా నయమవుతోంది. కానీ పాదంలో ఒకసారి పోయిన స్పర్శ తిరిగి రాదు. రాయి గుచ్చుకున్నా తెలియదు, చెప్పులో మేకు లేచినా తెలియదు. అలా పడ్డ పుండు పదేళ్లు, ఇరవై ఏళ్లు ఉండిపోతుంది. జబ్బు పోయింది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసిన వాళ్లలో కొందరికి ఆ పుండులోనే క్యాన్సర్ వచ్చింది.

ఇంకొకటి ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేనిది. జననాంగం దగ్గర చర్మం తెల్లబడి, పలచబడి, భరించలేని దురద. నెలసరి ఆగిపోయిన తర్వాత ఎక్కువగా వస్తుంది. లైకెన్ స్క్లెరోసస్ అంటారు. ఫంగస్ అనుకుని మెడికల్ షాపు క్రీములు రాస్తూ పోతారు. సరైన మందు వాడితే చాలావరకు అదుపులో ఉంటుంది. వదిలేస్తే కొంతమందిలో, నూటికి అయిదుగురి లోపు, క్యాన్సర్‌కు దారితీస్తుంది. అమ్మ దురద అని ఒకసారి నోరు విప్పి చెప్పిందంటే, ఆమె ఎన్నాళ్లు ఓర్చుకుని చెప్పిందో ఆలోచించి లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

షుగర్ ఉన్నవాళ్లు ఇది చదివి భయపడే ప్రమాదం ఉంది. షుగర్ వల్ల వచ్చే పాదం పుండ్లలో అత్యధిక భాగం క్యాన్సర్లు కావు. వాటి ప్రమాదం వేరు. చీము, కుళ్లు, కాలు తీసేయాల్సి రావడం. అయితే అరికాల్లో, బొటనవేలి గోరు కింద నల్లమచ్చల క్యాన్సర్ వచ్చి, దాన్ని షుగర్ పుండుగానో దెబ్బగానో పొరబడే అవకాశం ఉంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే బొటనవేలి పుండును ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. అక్కడ పుండు క్యాన్సర్‌గా మారలేదు, మొదటి నుంచీ క్యాన్సరే పుండు వేషంలో ఉంది. మన చేతిలో ఉన్న పని మాత్రం రెంటికీ ఒకటే.

ముక్క పరీక్ష అంటే ఎందుకు భయం?

సరైన చికిత్స చేస్తున్నా మూడు నెలల్లో మానని పుండుకు ముక్క పరీక్ష చేయించాలని వైద్యుల మాట. పాత పుండు అయితే అందులో మార్పు వచ్చిన రోజే వెళ్లాలి. మార్పు అంటే ఏంటి? అంచులు పైకి లేచి గట్టిపడటం, కండ బయటికి పెరగడం, ముట్టుకుంటే రక్తం కారడం, కొత్తగా దుర్వాసన, ఎప్పుడూ లేని సలపరం. గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ తగిలితే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

"ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అని మన దగ్గర బలమైన నమ్మకం. డాక్టరు ముక్క పరీక్ష అనగానే ఫైలు పట్టుకుని ఇంటికొచ్చేసిన వాళ్లు ఉన్నారు. ఇది నిజం కాదు. ఇది ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఆలస్యంగా వస్తారు, అప్పటికే పాకి ఉంటుంది, ముక్క పరీక్షలో అది బయటపడుతుంది, నెలలకు మనిషి పోతాడు. చూసేవాళ్లకు ముక్క తీశాకే పోయినట్టు అనిపిస్తుంది. చోటు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని నిమిషాల్లో చేసే పని ఇది. అయితే ఒక చిక్కు నిజంగానే ఉంది. ఏళ్ల తరబడి వాచిన పుండు అంచు మైక్రోస్కోపు కింద క్యాన్సర్‌లా కనిపించవచ్చు, అసలు క్యాన్సర్ ఉన్న చోటు తప్పిపోవచ్చు. అందుకే మంచి డాక్టరు ఒక్క చోట కాదు, అంచుల్లో నాలుగైదు చోట్ల, మధ్యలో, కాస్త లోతుగా ముక్కలు తీస్తారు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా పుండు తీరు మారకపోతే రెండోసారి తీస్తారు. "ఒకసారి చేశారు కదా, మళ్లీ ఎందుకు, డబ్బుల కోసమా" అని డాక్టరు మీద కోప్పడకండి. ఈ జబ్బులో రెండోసారి అడిగేవాడే మన వాడు.

క్యాన్సర్ అని తేలితే ప్రధాన చికిత్స ఆపరేషనే. పుండుతో పాటు చుట్టూ రెండు సెంటీమీటర్లో, ఇంకాస్త ఎక్కువో ఆరోగ్యమైన చర్మాన్ని, కింద కండను కలిపి తీసేస్తారు. ఆ ఖాళీని వేరే చోటి చర్మంతో కప్పుతారు. గజ్జల్లో బిళ్ళలకు పాకిందా లేదా చూస్తారు, అవసరమైతే వాటినీ తీసి రేడియేషన్ ఇస్తారు. ఎముకలోకి, కీలులోకి దిగితే కాలు తీసేయాల్సి రావచ్చు. చిన్నగా ఉన్నప్పుడు వస్తే చర్మం అతికించుకుని ఇంటికి, ఆలస్యమైతే కాలు పోగొట్టుకుని ఇంటికి. తేడా కొన్ని నెలలే.

ముందుగా వెళ్లాల్సింది పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి కాదు. మీ జిల్లా దవాఖానలో చర్మ డాక్టరో, జనరల్ సర్జనో చాలు. ముక్క పరీక్ష అక్కడే చేస్తారు. తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా ఆస్పత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు చేస్తారు. రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట "పుండు అయింది" అని కాదు. "ఇక్కడ ముప్పై ఏళ్ల కిందట కాలింది, ఆ మచ్చలో పుండు అయింది" అని చెప్పండి. రోజుకు వంద మందిని చూసే ఓపీలో ఆ ఒక్క ముక్క వినిపిస్తే డాక్టరు తల ఎత్తి చూస్తారు. ఇంట్లో పాత మచ్చ, పాత పుండు ఉన్న పెద్దవాళ్లుంటే నెలకోసారి పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచండి. పోయిన నెల ఫొటోలో పుండు బిళ్ళ కంటే చిన్నగా ఉండి, ఈ నెల బిళ్ళను దాటిందనుకోండి, "ఎప్పటి నుంచో ఉన్నదే" అని అబ్బా ఎంత వాదించినా ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించండి.